గడప వెలుపల

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 24:7–13

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమును త్వరగా చదువుకొని పోవువారికి అది చిల్లర కట్టడల మూటవలె కనబడును. పరిత్యాగ పత్రము, క్రొత్తగా పెండ్లియైనవాడు, తిరుగటిరాయి, కుష్ఠరోగము, కూలివాని కూలి, పొలములో మరచిపోయిన పన, ఇవన్నియు ఒకదానివెంట ఒకటి వచ్చుచుండును. ఈ వరుసలో ఏడవ వచనమున, సహోదరుని దొంగిలి అమ్మువాడు మరణమునకు పాత్రుడని మోషే విధించెను. రెండు వచనములు దాటగానే, అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కొరకు అప్పుగొన్నవాని యింట చొరబడరాదనియు, వెలుపలనే నిలువవలెననియు, ఇంటివాడే దానిని బయటికి తెచ్చి ఇయ్యవలెననియు చెప్పెను. మొదటిది ప్రాణాంతకమైన నేరము. రెండవది మర్యాదకు సంబంధించిన చిన్న సంగతిగా తోచును. ఈ రెండును ఒకే పుటలో చేరుటకు కారణమేమి?

హెబ్రీ మూలము కొంత వెలుగునిచ్చును. ఏడవ వచనమున నరులను అమ్మువానికి వాడబడిన మాట ‘గోనేబ్ నెఫెష్’. నెఫెష్ అనగా ప్రాణము, జీవాత్మ, మనిషి తానుగా ఉండు ఆ సమస్తము. ఎద్దును దొంగిలించినవాడు ఎద్దును దొంగిలించెను. వీడు ఒక ప్రాణమునే దొంగిలించెను. అదే వచనమున ‘హిత్‌అమ్మేర్’ అను అరుదైన క్రియ యున్నది. హెబ్రీ బైబిలు మొత్తములో అది రెండే చోట్ల కనబడును. రెండవ చోటు 21:14. యుద్ధములో చెరపట్టి భార్యగా చేసికొనిన స్త్రీని, మనసు తీరిన పిమ్మట వెండికి అమ్మరాదని అచ్చట ఆజ్ఞ. ఆ క్రియకు దాసిగా చూచుట యని కొందరు, సరకుగా వాడుకొనుట యని కొందరు అర్థము చెప్పిరి. అనువాదకులకు అది సులభముగా లొంగు మాట కాదు. అయినను ఆ రెండు వచనములను ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో, ఒక మనుష్యుడు మరియొకని చేతిలో వెలకట్టబడు వస్తువగుటను గూర్చియే మోషే మాటలాడుచున్నాడని స్పష్టమగును.

పదకొండవ వచనమున ‘బహూట్స్ తఅమోద్’ అను రెండే మాటలు: వెలుపల నిలువుము. అప్పిచ్చినవానికి హక్కు లేదని మోషే అనలేదు. తాకట్టు పుచ్చుకొను హక్కు వానికున్నది. గడప దాటు హక్కు మాత్రము లేదు. పేదవాని గుడిసెలో ఏమున్నదో, ఏమి లేదో, ఏ మూలను ఎవరు పండుకొనియున్నారో చూచు అధికారము అప్పుతో కొనబడునది కాదు. తల్మూదులో బాబా మెసియా అను భాగమున, న్యాయస్థానపు బంట్రోతు సైతము తాకట్టుకై వచ్చినప్పుడు బయటనే నిలువవలెనను అభిప్రాయము కనబడుచున్నది. బాబా బత్రా అను భాగములో రబ్బీలు ఇంకను ముందుకు పోయి, పొరుగువాని యింటిలోనికి పారు చూపు వలన కలుగు హానిని కూడ నిజమైన హానిగా చర్చించిరి. ఇశ్రాయేలీయుల గుడారముల ద్వారములు ఒకదాని కొకటి ఎదురుగా లేకుండుట చూచియే బిలాము వారిని మెచ్చుకొనెనని వారి వ్యాఖ్యానము.

కాబట్టి ఈ అధ్యాయము ఆలోచన లేని మూట కాదు. మనుష్యుని అపహరించువాడును, మనుష్యుని యింటిలోనికి చొరబడువాడును ఒకే గడపను త్రొక్కుచున్నారు. మొదటివాడు చాల దూరము పోయెను, రెండవవాడు ఇంకను మొదటి అడుగులోనే యున్నాడు.

ఇచ్చట చదువరికి ఒక సందేహము పుట్టుట న్యాయమే. నరులను అమ్మువారిని పట్టవలెనన్న ప్రభుత్వము చూడవద్దా? వెదకవద్దా? పేర్లు వ్రాసికొనవద్దా? బిడ్డ తప్పిపోయిన తల్లి, ప్రతి రైల్వే స్టేషనులోను నిఘా కెమెరా ఉండవలెననియే కోరును. ఆ కోరికను తేలికగా త్రోసివేయుట ప్రేమ కాదు. ఈ సందేహమును పుస్తకములలో గాక తన జీవితములోనే ఎదుర్కొనిన ఒక క్రైస్తవ స్త్రీ చరిత్ర ఇందుకు సహాయపడును.

జోసఫీన్ బట్లర్ 1828లో ఇంగ్లండు ఉత్తరభాగమున జన్మించెను. భర్త జార్జి బట్లర్ ఆంగ్లికన్ గురువు, ఉపాధ్యాయుడు. 1864లో వారి యేకైక కుమార్తె ఈవా ఇంటిలోనే మేడమీదినుండి పడి మరణించెను. రెండేండ్లకు వారు లివర్‌పూల్ పట్టణమునకు మారిరి. తనకంటె అధికమైన దుఃఖము కలవారిని వెదకుచు జోసఫీన్ అచ్చటి అనాథ శరణాలయమునకు పోయి, పాత ఓడత్రాళ్ల పీచు విప్పు స్త్రీల నడుమ నేలమీద కూర్చుండి తానును పీచు విప్పెను. వారికి ఆ పని చేతకాని దొరసానిని చూచి నవ్వు వచ్చెనట. ఆ నవ్వుతో స్నేహము మొదలాయెను. వారిలో కొందరిని, మరణమునకు సమీపించిన వారిని సైతము, ఆమె తన యింటికే తెచ్చుకొనెను.

అప్పటికి ఆ దేశమున 1864, 1866, 1869 సంవత్సరములలో అంటువ్యాధుల చట్టములు చేయబడియుండెను. సైన్యమును నౌకాదళమును విడిసియున్న పట్టణములలో మారువేషపు పోలీసులు తిరుగుచు, ఏ స్త్రీనైనను వ్యభిచారిణియని అనుమానించిన యెడల ఆమె పేరు పట్టీలో చేర్చుదురు. ఆమె నియమిత కాలమున వైద్యపరీక్షకు తన శరీరమును అప్పగింపవలెను, కాదన్నచో చెరసాల. పురుషులకు పరీక్ష లేదు. సైనికుల ఆరోగ్యమును కాపాడుటకని ఆ చట్టములు పుట్టెను. మంచి ఉద్దేశమనియే పార్లమెంటు సభ్యులు తలంచిరి, బిషప్పులలోను వైద్యులలోను అనేకులు తలలూపిరి. 1870 జనవరి 1న డెయిలీ న్యూస్ పత్రికలో నూటికి పైగా స్త్రీలు సంతకము చేసిన నిరసన ప్రచురింపబడెను. ఫ్లారెన్స్ నైటింగేల్ ఆ సంతకము చేసినవారిలో ఒకరు. నాయకత్వము జోసఫీన్‌ది. మరుసటి యేట నాటింగ్‌హామ్‌లో జరిగిన సంఘ మహాసభలో జార్జి బట్లర్ ఈ విషయమై మాటలాడ నారంభింపగా, కూడియున్న పాదిరులే కేకలు వేసి ఆయన నోరు మూయించిరి.

జోసఫీన్ వాదము సరళమైనది. చేయి పట్టుకొని లేవనెత్తవలసిన స్త్రీని ప్రభుత్వము పట్టీలో వ్రాసినచో, ఆ పట్టీయే ఆమెకు సంకెల యగును. పేరు చేరిన తరువాత ఏ యింట పని దొరకును? ఎవరు పెండ్లాడుదురు? విడిపించుటకై చూచుచున్నామని చెప్పుచునే అమ్ముటకు అనువుగా ఆమెను గుర్తువేయుచున్నారు.

ఇది కేవలము ఊహ కాదని బ్రస్సెల్స్ పట్టణము రుజువు చేసెను. అచ్చట వేశ్యాగృహములు పోలీసుల అనుమతితో, పోలీసుల పట్టీలతో నడుచుచుండెను. 21 ఏండ్లు నిండని వారిని పట్టీలో చేర్చరాదని నియమము. వ్యాపారులు ఏమి చేసిరి? లండనులోని జనన నమోదు కార్యాలయమున, వయస్సు వచ్చిన వేరొక స్త్రీ జనన పత్రమును రుసుము చెల్లించి పుచ్చుకొనిరి. దానిని మోసపుచ్చి తెచ్చిన ఆంగ్ల బాలిక చేతిలో పెట్టి, ఆ పేరుతోనే ఆమెను నమోదు చేయించిరి. పరదేశములో, పరభాషలో, తనది కాని పేరుతో ఆ బాలిక చట్టబద్ధముగా బానిస ఆయెను. తప్పించుకొని పోలీసుల యొద్దకు పోవుదమన్న, పట్టీ వ్రాసినవారు ఆ పోలీసులే. క్వేకరు ప్రచురణకర్త ఆల్ఫ్రెడ్ డయ్యర్ 1880లో ఈ సంగతిని బయలుపరచెను. జోసఫీన్ ప్రమాణపూర్వకముగా వాంగ్మూల మిచ్చెను. వ్యాపారులు శిక్షింపబడిరి, ఆ పోలీసు శాఖ అధికారులు పదవులు కోల్పోయిరి. ఇంగ్లండులోని చట్టములు 1886లో రద్దాయెను. ఆమె పోరాటము పదునారేండ్లు సాగెను.

అయితే మేలుకొలుపువారి చరిత్ర అంతయు నిష్కళంకమైనది కాదు. 1885 జూన్‌లో పత్రికా సంపాదకుడు డబ్ల్యు. టి. స్టెడ్, లండనులో బాలికలు ఎంత సులభముగా కొనబడుచున్నారో ప్రజలకు చూపదలచి, తానే ఒక 13 ఏండ్ల బాలికను కొనిపించెను. ఆమెకు హాని జరుగకుండ చూచితినని ఆయన నమ్మకము. కాని ఆ బిడ్డను మంత్రసానిచే పరీక్ష చేయించిరి. ఆమెకు క్లోరోఫారము ఇచ్చిరి. పదునారేండ్లు జోసఫీన్ దేనిని హింసయని ఎదిరించెనో, దానినే ఆమె స్నేహితులు ఆమె పక్షమున ఒక బిడ్డకు చేసిరి. ఆ వ్యాపారమును విడిచి క్రీస్తునొద్దకు వచ్చియున్న రెబెక్కా జారెట్ అను స్త్రీని, మరల ఆ పాత వేషము వేయుమని స్టెడ్ బలవంతము చేసెను. ఫలితముగా ఆమెకు ఆరు నెలల చెర, స్టెడ్‌కు మూడు నెలలు. స్టెడ్ వ్యాసములు దేశమును కదలించిన మాట నిజమే. బాలికల సమ్మతి వయస్సు 13 నుండి 16 ఏండ్లకు పెంచబడెను. చట్టము మంచిదే. అయినను ఆ బిడ్డను మాత్రము ఎవరును అడుగలేదు. ఆ తరువాత పుట్టిన నైతిక పరిశుద్ధతా సంఘములు పోలీసు బలముతో పేద స్త్రీలను వీధిపాలు చేయుట చూచి, జోసఫీన్ వారినుండి దూరముగా తొలగెను.

ఈ చరిత్ర సముద్రమునకు ఆవల నిలిచిపోలేదు. మన దేశములోని దండు ప్రదేశములలో 1864 కంటోన్మెంటు చట్టము, 1868 అంటువ్యాధుల చట్టము ఆ పద్ధతినే నాటెను. 1888లో బ్రిటిషు కామన్స్ సభ దానిని ఖండించిన తరువాతను అది చాటుగా సాగుచుండెను. 1892లో ఎలిజబెత్ ఆండ్రూ, కేథరీన్ బుష్నెల్ అను ఇద్దరు అమెరికా స్త్రీలు ఉత్తర హిందూస్థానములోని పది దండు ప్రదేశములకు పోయి ఆ స్త్రీలతోనే మాటలాడి సత్యమును వ్రాసికొనిరి. మొదట కాదన్న సేనాధిపతి లార్డ్ రాబర్ట్స్ 1893లో క్షమాపణ చెప్పవలసివచ్చెను. బుష్నెల్ వైద్యురాలు, పిమ్మట హెబ్రీ, గ్రీకు భాషలను లోతుగా పరిశీలించి స్త్రీలను గూర్చిన వాక్యభాగములపై గ్రంథము రచించెను. ఆ కాలపు భాషాంతరకర్తలలో పలువురు చూడని సంగతులు దండు ప్రదేశములు చూచివచ్చిన ఆమె కన్నులకు కనబడుట ఆశ్చర్యము కాదు.

తెలుగు నేలమీద ఇంకొక చేదైన జ్ఞాపకమున్నది. నేరస్థ జాతుల చట్టము 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించెను. ఆ చట్టము క్రింద ఎరుకల కుటుంబములు బాపట్ల ప్రాంతమునందలి స్టూవర్టుపురమునకు చేర్చబడెను. ఆ స్థావరమును నిర్వహించినది ఒక క్రైస్తవ సంస్థయైన సాల్వేషన్ ఆర్మీ. బడి వచ్చెను, భూమి వచ్చెను, వైద్యము వచ్చెను. ఆ మేలును కాదనుట కృతఘ్నత. కాని హాజరు పట్టీయు వచ్చెను. పుట్టుకతోనే అనుమానితుడైన మనుష్యుడు అనుమతి చీటీ లేక హద్దు దాటరాదు. సువార్త ప్రకటించిన సంస్థయే కావలిబంటు కూడ ఆయెను. స్వాతంత్ర్యము తరువాత 1952లో గాని ఆ జాతులు ఆ ముద్రనుండి విడుదల పొందలేదు. ఆ ఊరి పేరు చెప్పగానే నేటికిని పెదవి విరుచువారు మన ఆలయములలోను కలరు.

రాత్రివేళ తలుపు తట్టు ఈ అధికారమునకు వ్యతిరేకముగా మన దేశమున మొదట గట్టిగా పలికిన న్యాయమూర్తులలో ఒకరు రాజమహేంద్రవరములో పుట్టిన కోకా సుబ్బారావు. సాక్ష్యము లేక విడువబడిన ఖరక్ సింగ్ అను ఉత్తరప్రదేశ్ వాసిపై పోలీసులు చరిత్ర పట్టీ తెరచి, రాత్రులు వాని తలుపు తట్టుచుండిరి. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సందర్శనములను కొట్టివేసెను, కాని మిగిలిన నిఘాను నిలువనిచ్చి, గోప్యత రాజ్యాంగము ఇచ్చిన హక్కు కాదనెను. జస్టిస్ సుబ్బారావు భిన్నాభిప్రాయము వ్రాసెను. వెంటాడు చూపు క్రింద నడచువాడు స్వతంత్రుడు కాడనియు, నిఘా అంతయు చెల్లదనియు దాని భావము. 55 ఏండ్లకు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమిక హక్కుగా అంగీకరించి, ఆ పాత భిన్నాభిప్రాయమునకు న్యాయము చేసిరి.

ప్రశ్న అంతటితో తీరలేదు. తెలంగాణ పోలీసుల ముఖగుర్తింపు సాధనము ‘దర్పణ్’ వలన, అయిదేండ్లుగా ఇంటికి దూరమైన బాలుడొకడు 2020లో తలిదండ్రులను చేరెను. ఆ తల్లి కన్నీటిని చూచి దేవుని స్తుతింపని విశ్వాసి ఎవరు? అదే రాష్ట్రమున పౌరులందరి ముఖములను అట్లు పట్టుట న్యాయమేనా యని ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేయబడి, 2022 జనవరిలో ప్రభుత్వమునకు నోటీసు వెళ్లెను. రెండును నిజములే. సంఖ్యాకాండమున దేవుడే జనసంఖ్య వ్రాయుమనెను. సమూయేలు రెండవ గ్రంథము 24వ అధ్యాయమున దావీదు జనులను లెక్కించుట పాపమాయెను. లెక్క ఒకటే. తప్పిన గొఱ్ఱెను కనుగొనుటకు లెక్కించు కాపరి వేరు, తన బలము చూచుకొనుటకు లెక్కించు రాజు వేరు. దావీదు సేనాధిపతి యోవాబు, భక్తుడని పేరు పొందినవాడు కాకున్నను, ఆ భేదమును రాజుకంటె ముందు కనిపెట్టెను.

తప్పు చేయనివానికి దాచుటకేమున్నదని భక్తిపరులు కొందరు అందురు. సర్వము చూచు దేవుని యెదుట జీవించువారికి ప్రభుత్వపు చూపు భారమా అని మరికొందరు. ఆదికాండము 16వ అధ్యాయము తెరచి చూడుడి. హాగరు పరదేశి, దాసి, మరియొకరి సంతానము కొరకు వాడబడిన శరీరము. ఆ అధ్యాయమున శారయి గాని అబ్రాము గాని తమ మాటలలో ఆమెను ఒక్కమారైనను పేరు పెట్టి పిలువలేదు. నా దాసి, నీ దాసి అనిరి. అరణ్యములో నీటిబుగ్గ యొద్ద దూత మొదట ఆమెను పేరు పెట్టి పిలిచెను. తరువాత, ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావని అడిగెను. సర్వము ఎరిగిన పరలోకము ఆమెనే అడిగెను, ఆమె చెప్పువరకు కనిపెట్టెను. చూచుచున్న దేవుడను నామమును ఆయనకు పెట్టినది ఆ దాసియే. ఏదెనులో నగ్నతను చూచిన దేవుడు చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించెను. ప్రార్థనకై గది తలుపు వేసికొనుమని కొండమీద ప్రభువు ఆజ్ఞాపించెను. దేవుని చూపు కప్పును. పట్టీ చూపు విప్పును. రెంటికిని ఒకే పేరు పెట్టరాదు.

మన ప్రాంతములలో ఈ విషయము దూరపు మాట కాదు. గోదావరి జిల్లాల నుండి, కడప సీమ నుండి ఇంటిపనికై గల్ఫు దేశములకు పోయిన స్త్రీలలో పాస్‌పోర్టు యజమాని పెట్టెలో చిక్కి కన్నీరు కార్చినవారి కుటుంబములు అనేక సంఘములలో నున్నవి. 2024లో విశాఖపట్నము పోలీసులు ఏజెంట్లను పట్టుకొనినప్పుడు, కంప్యూటరు ఉద్యోగమని నమ్మి కంబోడియాకు పోయిన తెలుగు యువకుల సంగతి బయలుపడెను. అచ్చట వారిచేత ఫోనులో మోసములు చేయించిరి. ఇతరుల పేర్లు, నంబర్లు, బ్యాంకు వివరములు వారి పనిముట్లు. ఎవరి గోప్యతయో దొంగిలింపబడెను, దానిని దొంగిలించుటకు ఎవరి ప్రాణమో దొంగిలింపబడెను. మోషే ఒకే పుటలో వ్రాసిన రెండు నేరములు ఒకే గదిలో కలిసెను.

రాజ్యాంగము 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయమును, వెట్టిచాకిరిని నిషేధించుచున్నది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షను మనుష్యుల అక్రమ రవాణాకు శిక్ష విధించుచున్నది. బిడ్డ ఆపదలో నున్నచో 1098, ఏ ఆపదకైనను 112. ఈ రెండు సంఖ్యలను ఆలయపు నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరములతో వ్రాయించుట ప్రతి సంఘ పెద్దకును చేతనగు పని. ఏజెంటు పేరు, లైసెన్సు, యజమాని చిరునామా, పాస్‌పోర్టు నకలు ఇంట ఉంచి బయలుదేరుమని విదేశమునకు పోవు చెల్లెలికి చెప్పుటయు అంతే సులభము. ఆ కాగితములు ఆమె తల్లి పెట్టెలో ఉండిన చాలును, పాదిరి బీరువాలో ఉండనక్కరలేదు.

తిరిగివచ్చిన తరువాతనే సంఘమునకు అసలు పరీక్ష. విడుదల పొందిన బాలికను ఉజ్జీవ కూటములో వేదిక నెక్కించి, జరిగినదంతయు సాక్ష్యముగా చెప్పించుట కొన్నిచోట్ల వాడుక. చందాదారులకు పంపు నివేదికలో ఆమె ఫోటో, ఊరు, తండ్రి పేరు. మంచి ఉద్దేశమే, స్టెడ్ ఉద్దేశము కూడ మంచిదే. 2015 బాలల న్యాయ చట్టము 74వ సెక్షను అట్టి బిడ్డ గుర్తింపును ప్రచురించుట నేరమని చెప్పుచున్నది. లైంగిక దౌర్జన్యమునకు గురియైన వారి పేరు బయలుపరచుటయు శిక్షార్హమే. చట్టము లేకున్నను ద్వితీయోపదేశకాండము ఉన్నది. ఆమె కథ ఆమె యిల్లు. పాదిరి గాని, స్త్రీల సమాజపు అధ్యక్షురాలు గాని, విరాళమిచ్చిన దాత గాని ఆ గడప వెలుపలనే నిలువవలెను. ఆమె ఏదైనను బయటికి తెచ్చి ఇచ్చినచో పుచ్చుకొనవచ్చును. ఇయ్యకున్నచో అడుగరాదు.

మోషే పదకొండవ వచనముతో ఆపలేదు. ఇంటివాడు తెచ్చి ఇచ్చిన తాకట్టు ఆ బీదవాడు రాత్రి కప్పుకొను దుప్పటియే యైనచో, అప్పిచ్చినవాడు దానిని తన యింట ఉంచుకొని నిద్రింపరాదు. ప్రొద్దు గ్రుంకకమునుపే తీసికొనిపోయి మరల ఇయ్యవలెను. ఆ రాత్రి బీదవాడు తన దుప్పటి కప్పుకొని పండుకొని, ఇచ్చి వెళ్లినవానిని దీవించునట.